విమానం దిగాక ఏం చేయాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఒడిశా గంజాం జిల్లా బరంపురం నుంచి రాస్తున్నాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంటికి మీ పేపరు వస్తోంది. ఇచ్ఛాపురం దాటుకుని మా వీధికి చేరేసరికి ఒక్కోరోజు ఎనిమిది దాటుతుంది, ఒక్కోరోజు అసలే రాదు, అయినా నానమ్మ దాని కోసం గుమ్మంలోనే కూర్చుంటుంది. స్కూల్లో నేను చదివింది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం నానమ్మ పక్కన కూర్చుని మీ హెడ్డింగులు కూడబలుక్కుంటూ నేర్చుకున్నవే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

పోయిన వారం మీ చదువుల పేజీలో విదేశాల్లో ఎమ్మెస్ గురించి పేజీ నిండా వేశారు. ఏ దేశంలో ఫీజు ఎంత, ఏ పరీక్షలో ఎంత స్కోరు రావాలి, లోన్ ఎలా దొరుకుతుంది, వీసాకి ఏ కాగితాలు కావాలి, అన్నీ ఉన్నాయి, బాగా రాశారు. కానీ ఆ వ్యాసం ఎయిర్‌పోర్టు దగ్గర ఆగిపోయింది. నేను 2024లో ఇలాంటి వ్యాసాలే కత్తిరించి ఫైల్లో పెట్టుకుని వెళ్ళాను, దిగిన గంట నుంచి ఆ ఫైల్లో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ కనబడలేదు. కొత్త ఊళ్ళో మొదటి నలభై రోజులు ఎలా గడవాలి, ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఎవరూ రాయడం లేదు, పిల్లలు దెబ్బతినేది మాత్రం అక్కడే. దయచేసి దాని గురించి రాయండి. నేను అడిగేది అదొక్కటే. ఎందుకు అడుగుతున్నానో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను చదువుతున్నది జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్ళో, శాక్సనీ రాష్ట్రం, తూర్పు వైపు, ఇప్పుడు ఇంటికి వచ్చి ఉన్నాను. 1953 నుంచి 1990 దాకా ఆ ఊరి పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఇప్పటికీ ఊరి నడిమధ్యలో ఏడు మీటర్ల పైన ఎత్తున్న మార్క్స్ కంచు తల ఉంటుంది, 1971లో పెట్టినది. మొదటి వారాల్లో దారి తప్పినప్పుడల్లా ఆ తల ఎటుందో వెతుక్కుంటూ వెళ్ళేదాన్ని. మనకి బరంపురంలో పాతబస్టాండ్ ఎలాగో నాకు అక్కడ అది అలాగ.

2024 అక్టోబర్ 2న బెర్లిన్‌లో దిగి, రెండు పెట్టెలు లాక్కుంటూ లైప్‌జిగ్‌లో రైలు మారి, రాత్రి తొమ్మిదిన్నరకి గదికి చేరాను. పొద్దున్నే వెళ్ళి సరుకులు కొనుక్కుందాం అనుకున్నాను. అక్టోబర్ 3 జర్మనీ రెండు ముక్కలు ఒకటైన రోజు, దేశమంతా సెలవు, మామూలు కొట్టు ఒక్కటీ తెరవరు. ఇక్కడ అదే రోజు దసరా నవరాత్రులు మొదలు, అమ్మ వీడియో కాల్‌లో పూజ చూపిస్తోంది, నేను అక్కడ అటుకులు పొడిగా నములుతున్నాను, ఎందుకంటే కుళాయి నీళ్ళు అక్కడ నిశ్చింతగా తాగొచ్చని కూడా నాకు తెలియదు, విమానంలో ఇచ్చిన చిన్న సీసా నీళ్ళే గుక్కగుక్కగా రెండో రోజు సాయంత్రం దాకా దాచుకున్నాను. స్టేషన్లోనో పెట్రోల్ బంకులోనో సెలవు రోజున కూడా ఏదో ఒకటి దొరుకుతుందని తర్వాత తెలిసింది. ఆదివారాలు కూడా అంతే, కొట్లు మూసే ఉంటాయి. ఇది రెండు వాక్యాల్లో చెప్పేసే సంగతి. ఆ రెండు వాక్యాలు ఎవరైనా రాసుంటే మా అమ్మ ఆ రోజు ఫోన్లో ఏడ్చేది కాదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ గది విషయంలో తగిలింది. విశాఖలో మేము డబ్బు కట్టిన కన్సల్టెన్సీ వాళ్ళు 'రూమ్ కూడా మేమే చూస్తాం' అన్నారు. చూశారు. ఎవరో సీనియర్ రెండు నెలలు ఊరెళ్తూ తన గదిని నాకు ఇచ్చిపోయే ఏర్పాటు. అద్దె ముందే పంపించాం. వెళ్ళాక ఆ అబ్బాయిని అడిగితే 'ఈ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్ కుదరదు' అన్నాడు. ఆన్‌మెల్డుంగ్ అంటే ఆ ఊళ్ళో ఫలానా ఇంట్లో ఉంటున్నానని పేరు నమోదు చేయించుకోవడం. ఇంట్లోకి దిగిన రెండు వారాల్లో చేయించుకోవాలని చట్టం. దానికి మనకి గది అద్దెకి ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం ఒకటి కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే సరిపోదు. ఆ కాగితం ఇవ్వని గది ఎంత చవగ్గా దొరికినా అది గది కాదని నేను ఇప్పుడు ఎవరికైనా చెప్తాను.

ఎందుకంటే అక్కడ ఒక కాగితం ఇంకో కాగితానికి ముడి. మీ పాఠకులకి ఈ ముడి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పాలి. నా బ్యాంకు అకౌంట్ తెరవడానికి నమోదు పత్రం అడిగారు. అకౌంట్ ఉంటే గాని బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చులకి డబ్బుందని చూపించడానికి వీసా కోసం ముందే కట్టే ఖాతాలో, వేసిన మన డబ్బు మన చేతికి రాదు. నేను కట్టినప్పుడు అది 11,208 యూరోలు, 2024 సెప్టెంబర్ నుంచి 11,904 చేశారు, మన లెక్కలో పది లక్షల పైమాటే, మా నాన్న కొట్టు మీద లోన్ తీసి కట్టారు. అంత డబ్బు నా పేరు మీద ఉంది, అందులోంచి ఒక్క యూరో తీసుకోలేను, చేతిలో ఉన్న నాలుగు వందల యూరోలతో గది, తిండి, బస్సు. హెల్త్ ఇన్సూరెన్స్ లేనిదే యూనివర్సిటీలో చేర్చుకోరు, 2025లో అది నెలకి సుమారు 140 యూరోలు. నమోదు అయితేనే ట్యాక్స్ నంబరు పోస్టులో ఇంటికి వస్తుంది, అది లేకపోతే చిన్న పని కూడా సరిగ్గా చేసుకోలేం. అంటే అన్నిటికీ మొదటి మెట్టు గది, గది అంటే నాలుగు గోడలు కాదు, నమోదుకి పనికొచ్చే అడ్రస్. ఈ వరస తెలియక నేను మొదటి తొమ్మిది రోజులు సిమ్ కార్డు, దుప్పటి, గిన్నెలు అంటూ తిరిగాను. పన్నెండో రోజు గది మారాను. అద్దె డబ్బు తిరిగి రాలేదు.

రెండో గది వెతుకుతున్నప్పుడు ఇంకొకడు తగిలాడు. ఫోటోలు అద్దంలా ఉన్నాయి, తాను వేరే దేశంలో ఉన్నానని, రెండు నెలల అడ్వాన్స్ పంపిస్తే తాళంచెవి కొరియర్ చేస్తానని అన్నాడు. పంపించబోయాను కూడా. పక్క గదిలో ఉండే కేరళ అక్క ఆపింది. గది కళ్ళతో చూడకుండా, లేదా మనవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూడకుండా డబ్బు పంపకూడదు, అంతే. అడ్వాన్స్ గురించి అక్కడి చట్టం ఏమంటుందో కూడా ఆవిడే చెప్పింది. హీటింగ్, నీళ్ళు వగైరా ఖర్చులు కలపని అద్దెకి మూడు రెట్లు మించి అడ్వాన్స్ అడగకూడదు, దాన్ని మూడు నెలల్లో మూడు వాయిదాలుగా కట్టే హక్కు మనకి ఉంది. ప్రకటనలో 'కాల్ట్' అని ఉంటే ఆ ఖర్చులు వేరే అని, 'వార్మ్' అని ఉంటే కలిపి అని అర్థం. ఈ రెండు మాటలు తెలియక నెలకి ఎనభై, తొంభై యూరోలు తప్పు లెక్క వేసుకున్న పిల్లలు నాకే నలుగురు తెలుసు.

ఇక పోస్టు డబ్బా సంగతి. ఇది వినడానికి చిన్నదిగా ఉంటుంది గాని నాకు దీనివల్లే మూడు వారాలు పోయాయి. మన దగ్గర పోస్ట్‌మ్యాన్‌కి వీధి, ఇంటి నంబరు, నాన్న పేరు చెప్తే చాలు, లేకపోతే పక్కింటివాళ్ళని అడిగి ఇచ్చేస్తాడు. అక్కడ అపార్టుమెంటులో సాధారణంగా ఫ్లాట్ నంబరు రాయరు. కింద వరసగా రేకు డబ్బాలు, ఒక్కో డబ్బా మీద వేలెడంత చీటీ, దాని మీద ఇంటిపేరు. ఆ చీటీ మీద మన ఇంటిపేరు లేకపోతే మనం ఆ ఇంట్లో లేనట్టే, ఉత్తరం వెనక్కి పోతుంది. నా డబ్బా మీద పాత అమ్మాయి పేరు అలాగే ఉంది, నాకు తోచలేదు. బ్యాంకు కార్డు వచ్చి వెనక్కి పోయింది, దాని పిన్ వేరే కవర్లో వచ్చి అదీ పోయింది, ఎందుకు రావడం లేదో తెలియక నేను రోజూ డబ్బా తెరిచి ఖాళీ రేకు చూసి మూసేదాన్ని. చివరికి కింది అంతస్తు ముసలాయన నా వైపు చూసి, వేలితో ఆ చీటీ మీద రెండుసార్లు తట్టి, నా వైపు చూపించి, 'నామె? నామె?' అన్నాడు. నోటుబుక్కులోంచి కాగితం చింపి, పెన్నుతో పెద్దక్షరాలు రాసి, సెలోటేపు లేక నా దగ్గరున్న బ్యాండెయిడ్‌తో అంటించాను. నాలుగు రోజులకి మొదటి కవరు వచ్చింది. నా పేరు మీద ఆ దేశంలో వచ్చిన మొదటి ఉత్తరం అది, ఆ కవరు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందులో కూడా మా సరిహద్దు వాళ్ళకి ఇంకో చిక్కు. మా ఇంటిపేరు మొదట రావాలి, తెలుగువాళ్ళ పద్ధతి. ఒడియా బడిలో చేర్చినప్పుడు ఇంటిపేరు చివరకి పోయింది, ఒడియా లిపిలోంచి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఒక అక్షరం మారింది. జనన ధ్రువపత్రంలో ఒకలా, పదో తరగతిలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, అప్పటి నుంచి మా ఇళ్ళలో మూడు తరాలు ఇలా రెండు లిపుల మధ్య పేర్లు సర్దుకుంటూనే ఉన్నాయి. డబ్బా మీద రాయాల్సింది పాస్‌పోర్టులో 'సర్‌నేమ్' దగ్గర ఏముందో అదే, మనం ఇంట్లో చెప్పుకునేది కాదు.

వీసా దగ్గర కూడా అంతే. మీ పేజీలోనూ, విశాఖ కన్సల్టెన్సీలోనూ చెప్పేదంతా ఆంధ్రా, తెలంగాణ పిల్లలకి. మా అడ్రస్ ఒడిశా కాబట్టి మేము వచ్చేది కోల్‌కతాలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి. నన్ను చెన్నై స్లాట్ కోసం నెల రోజులు ఎదురుచూడమన్నారు. 2022 నవంబర్ నుంచి తప్పనిసరి చేసిన ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని ఇచ్చేది), దానికి 18,000 రూపాయల ఫీజు, ఇవన్నీ అందరికీ ఒకటే, సరే. కానీ బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి మీ పేపరు చదివే తెలుగు పిల్లలు ఎంతోమంది ఉన్నారు. మా కోసం ఒక చిన్న బాక్స్ వేయలేరా? అటు మహారాష్ట్ర వైపు సిరోంచ, బల్లార్షా, ధర్మాబాద్ వాళ్ళకీ కన్సల్టెన్సీ చెప్పేది ఒకటి, చేయాల్సింది ఒకటి అయ్యే ఉంటుంది.

మా గంజాం జిల్లా నుంచి వలస కొత్త కాదు. ఒకప్పుడు గోపాలపురం రేవు నుంచి ఓడల్లో రంగూన్ పోయేవారు. ఇప్పుడు సూరత్ మగ్గాలకి పోతున్నారు. సూరత్ వెళ్ళేవాడికి రైలు దిగగానే మనూరివాడు ఒకడు స్టేషన్‌కి వస్తాడు, రాత్రి పడుకోవడానికి చాప చూపిస్తాడు, తెల్లారి ఏ గేటు దగ్గర నిలబడాలో, ఏ మేస్త్రీతో జాగ్రత్తగా ఉండాలో చెప్తాడు. బతుకు కష్టమే, కానీ మొదటి రోజు చేయి పట్టుకునే మనిషి ఉన్నాడు. లక్షలు పోసి చదువుకి వెళ్ళే మాకు ఆ మనిషి లేడు. హైదరాబాద్ పిల్లలకి కాలేజీ సీనియర్లు పాతికమంది ఉంటారు. నేను వెళ్ళే కోర్సులో మా ఊరి నుంచి నాకు తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు. ఆ మనిషి చేసే పని మీ పేపరు చేయగలదని నేను నమ్ముతున్నాను.

తల్లిదండ్రుల కోసం కూడా రాయండి, ఇది మరీ ముఖ్యం. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసేది, అక్కడ సాయంత్రం ఆరు, క్లాసులు అయిపోయి గదిలో ఉండేదాన్ని. అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. నేను చెప్పడం మర్చిపోయాను. సోమవారం అమ్మ మామూలు టైముకే చేసింది, అక్కడ ఐదు, నేను ల్యాబ్‌లో ఉన్నాను, ఫోన్ బ్యాగులో ఉంది. బయటికొచ్చి చూస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. 'పిల్ల ఫోనెత్తట్లేదేటి' అని నానమ్మ అన్నం ముట్టలేదట, నాన్న కన్సల్టెన్సీ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎత్తలేదట. ఒక్క గంట తేడాకి ఇల్లంతా అల్లాడిపోయింది.

పెట్టెలో ఏం పెట్టాలో కూడా అమ్మలకి ఎవరో చెప్పాలి. పచ్చళ్ళు, పొడులు, మన బరంపురం అప్పడాలు పర్వాలేదు. నెయ్యి, పాలకోవా, ఛెనాపోడ అనే మా పాలవిరుగుడు స్వీటు, ఎండుచేపల సంగతి వేరు, పాలు, మాంసంతో చేసినవి యూరప్‌లోకి సామానులో తీసుకెళ్ళకూడదు, చేపలకి వేరే రూల్స్ ఉన్నాయి, ముందే చూసుకోవాలి. అమ్మ కాచిన నెయ్యి నేను ఆఖరి నిమిషంలో బయటికి తీశాను, ఆవిడ ముఖం చూడలేకపోయాను. పోపు వేసేటప్పుడు ఎండుమిరపకాయ మాడితే సీలింగ్ మీద పొగ అలారం మోగుతుంది, కిటికీ తెరిచి, తలుపు మూసుకుని పోపు పెట్టాలి. చలికాలంలో కూడా రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు, పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి, లేకపోతే గోడకి బూజు పట్టి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోస్తారు. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు.

నవంబర్ గురించి చెప్పాలి. ఎవరూ చెప్పరు. పొద్దున చీకట్లో క్లాసుకి వెళ్ళి, నాలుగున్నరకి చీకట్లోనే బయటికి వచ్చేదాన్ని. డిసెంబర్ వచ్చేసరికి నాలుగింటికే పొద్దు కుంకుతుంది. ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్ళం, ఒళ్ళు ముందు తట్టుకోదు, తర్వాత మనసు తట్టుకోదు. నాకు రెండు వారాలు మంచం దిగబుద్ధి కాలేదు, చదువు రాదేమో, తప్పు చేశానేమో అని ఒకటే టెన్షన్, ఇంట్లో చెప్తే నాన్న లోన్ గుర్తొచ్చేది. విద్యార్థి సేవా సంస్థలో ఉచితంగా కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చని, ఇంగ్లీషులో కూడా మాట్లాడతారని నోటీసు బోర్డు మీద చూసి వెళ్ళాను. మూడుసార్లు వెళ్ళాను. అలా వెళ్ళడంలో సిగ్గు లేదని మీ పేపర్లో తెలుగులో రాస్తే ఎంతమందికి ధైర్యం వస్తుందో ఆలోచించండి. ఒంట్లో బాగోలేక రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117, ప్రాణం మీదకి వస్తే 112. ఈ రెండు నంబర్లు ప్రతి అమ్మా నాన్నా కూడా రాసుకోవాలి.

నన్ను మళ్ళీ మనుషుల్లోకి లాగింది ఆ నవంబర్‌లోనే వచ్చిన కార్తీక పౌర్ణమి. తెలుగు పిల్లల గుంపులో నేను ఒడిశా అంటే 'మరి తెలుగు ఎలా వచ్చు?' అనేవారు, ఒడియా పిల్లలు నన్ను 'తెలుగు' అనేవారు, మొదట్లో రెండు చోట్లా బయటిదాన్నే. ఆ సాయంత్రం ఒడియా పిల్లలు బొయితొ బందాణొ అని, నీళ్ళలో పడవలు వదిలే వాళ్ళ పండగకి, కాగితం పడవలు చేశారు, నేను తెలుగు పిల్లలని పిలిచి దీపాలు తెమ్మన్నాను. ఊళ్ళో ష్లోస్‌టైష్ అనే చెరువు ఉంది, గట్టు మీద చేతులు గడ్డకట్టే చలి. పదకొండు మందిమి. పడవ వాళ్ళది, దీపం మాది. ఒడియాలోనూ తెలుగులోనూ ఎవరేం పాడుతున్నారో రెండూ అర్థమైంది నాకొక్కదానికే. వెళ్ళేటప్పుడు పడవలన్నీ కర్రతో లాగి సంచిలో వేసుకుని వచ్చేశాం. ఆ రోజు నుంచి రెండు గుంపులవాళ్ళూ నన్నే అడుగుతున్నారు, ఏ పండగకి ఏం చేయాలని.

అందుకని ఎడిటర్ గారూ, ఆ పేజీకి కన్సల్టెన్సీ వాళ్ళ మాటలు కాకుండా వెళ్ళి ఏడాది ఉన్న పిల్లల చేత రాయించండి. ఒక్కో వారం ఒక్కో దేశం, ఒక్కో ఊరు. మొదటి రోజు ఏం తిన్నారు, గది ఎలా దొరికింది, ఏ కాగితం దగ్గర ఆగిపోయారు, ఎంత డబ్బు పోయింది. యూనివర్సిటీల్లో కొత్తవాళ్ళకి తోడుగా ఒక పాత విద్యార్థిని పెట్టే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది, వెళ్ళకముందే ఈమెయిల్ పెట్టి అడగాలి, ఆ సంగతి నాకు జనవరిలో తెలిసింది. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చన్నది నిజమే, కానీ దాని మీద లెక్కలు వేసుకుని లోన్ తీయొద్దని కూడా రాయండి, భాష రాకుండా మొదటి ఆరు నెలల్లో పని దొరకడం చాలా కష్టం. కావాలంటే మొదటి వ్యాసం నేను రాసి ఇస్తాను, డబ్బు ఏమీ వద్దు, భాష మీరు దిద్దుకోండి.

త్వరగా వేస్తే మంచిది, ఎందుకంటే అక్టోబర్ సెమిస్టర్‌కి పిల్లలు ఇప్పుడే బయల్దేరుతున్నారు. మా పెద్దబజారు నుంచే ఒక అబ్బాయి ఈ నెలాఖరున జర్మనీలోనే మాగ్డెబుర్గ్ అనే ఊరికి వెళ్తున్నాడు. నిన్న వాళ్ళమ్మగారు వచ్చి పెట్టెలో ఇంకేం పెట్టాలమ్మా అని అడిగారు. పాస్‌పోర్టు తెప్పించి చూసి, సర్‌నేమ్ పెద్దక్షరాల్లో నాలుగు చీటీల మీద రాసి, ఒక సెలోటేపు ఉండతో కలిపి చేతి బ్యాగులో పెట్టించాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా